రోము చిల్లర వెండి: క్వినారియస్, సెస్టెర్టియస్ నాణేల సేకరణ

రోమన్ రిపబ్లిక్ క్రీ.పూ. 211 ప్రాంతంలో చలామణిలోకి తెచ్చిన కొత్త వెండి నాణేల వరసలో పెద్దది డినారియస్, దానిలో సగం క్వినారియస్, పావు సెస్టెర్టియస్. డినారియస్ మీద పుస్తకాలకు కొదవ లేదు. మ్యూజియాల అద్దాల బీరువాల్లో ముందు వరస దానిదే, సేకర్తలు మొదట కొనేదీ అదే. తక్కిన రెండూ చేతిలో పట్టుకుంటే జారిపోయేంత చిన్నవి కావడంతో చాలాకాలం పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు. ఈ వ్యాసం ఆ రెండింటి గురించి: అవి ఎప్పుడు పుట్టాయి, ఎందుకు ఆగాయి, ఎవరి చేతుల్లో తిరిగాయి, ఇవాళ వాటిని సేకరించేవారు ఏం చూడాలి.

కొలతల సంగతి ముందు తేల్చుకోవాలి. రోమన్ పౌను అంటే సుమారు 324 గ్రాములు. మొదట్లో ఒక పౌను వెండికి 72 డినారియస్‌లు తీశారు కాబట్టి ఒక్కొక్కటి దాదాపు 4.5 గ్రాములు తూగేది. కొన్నేళ్లకే పౌనుకు 84 తీయడం మొదలై బరువు 3.9 గ్రాములకు దిగింది. ఆ లెక్కన క్వినారియస్ మొదట 2.2 గ్రాములు, తరువాతి తరాల్లో రెండుకు కాస్త లోపు. సెస్టెర్టియస్ ఒక గ్రాము అటూఇటూ ఉంటుంది, వెడల్పు 12 మిల్లీమీటర్లు. బ్రిటిష్ కాలపు వెండి బేడ 1.46 గ్రాములు, పావలా 2.92 గ్రాములు. క్వినారియస్ ఈ రెండింటి నడుమ పడుతుంది. సెస్టెర్టియస్ బేడకన్నా చిన్నది.

మూడింటి మీదా ఒకటే బొమ్మ: శిరస్త్రాణం పెట్టుకున్న రోమా దేవత తల. బొరుసు వైపు గుర్రాలపై దూసుకుపోతున్న కవల దేవతలు కాస్టర్, పోలక్స్, కింద రోమా అన్న పేరు. తేడా తెలిసేది తల వెనకున్న అంకెతో. డినారియస్ మీద పది అంకె, క్వినారియస్ మీద ఐదు, సెస్టెర్టియస్ మీద రెండు నిలువు గీతలూ ఎస్ అక్షరమూ. ఎస్ అంటే సగం కాబట్టి మొత్తం రెండున్నర. ఈ అంకెలన్నీ ఆస్ అనే కంచు నాణెంతో కట్టిన మారకపు విలువలు. నిరక్షరాస్యుడైన సైనికుడు కూడా ఆ గుర్తులు చూసి తన జీతం సరిచూసుకునే వీలుండేది.

ఈ వ్యవస్థ ఎప్పుడు పుట్టిందన్న ప్రశ్న పండితులను చాలాకాలం తిప్పలు పెట్టింది. వెండి నాణేల ఆరంభాన్ని రోమన్ రచయిత ప్లినీ క్రీ.పూ. 269లో పెట్టాడు. 1932లో మాటింగ్లీ, రాబిన్సన్ అనే ఇద్దరు ఇంగ్లిష్ పండితులు ఆ మాట తోసిపుచ్చి, డినారియస్ క్రీ.పూ. 187కు ముందు లేదన్నారు. రెండు పక్షాలకూ గ్రంథాధారాలున్నాయి. తీర్పు మాత్రం సిసిలీ మట్టిలోంచి వచ్చింది. ఆ ద్వీపంలోని మోర్గాంటీనా పట్టణం కార్తేజ్ సేనాని హానిబల్‌తో యుద్ధం జరుగుతున్న కాలంలో రోము మీద తిరగబడింది. క్రీ.పూ. 211లో రోమన్లు దాన్ని తిరిగి పట్టుకుని ధ్వంసం చేసి, తమ స్పానిష్ కిరాయి సైనికులకు ఇచ్చేశారు. 1955లో మొదలైన తవ్వకాల్లో ఆ విధ్వంసపు పొరలో డినారియస్ కుటుంబానికి చెందిన వెండి నాణేలు దాదాపు అరుగుదల లేకుండా బయటపడ్డాయి. పట్టణం కూలేనాటికి అవి అచ్చు పడి ఎక్కువ కాలం కాలేదన్నమాట. తవ్వినవాళ్లు ఏ నాణెం ఏ పొరలో దొరికిందో రాసిపెట్టారు కాబట్టే ఈ వివాదం తీరింది. అవే నాణేలు ఒక వ్యాపారి పెట్టెలోంచి వచ్చి ఉంటే పైసా సాక్ష్యానికి కూడా పనికొచ్చేవి కావు.

అప్పుడు రోముకున్న అవసరం మామూలుది కాదు. క్రీ.పూ. 218లో ఆల్ప్స్ దాటిన హానిబల్ 216లో కానే దగ్గర రోమన్ సైన్యాన్ని తుడిచిపెట్టాడు. అంతకుముందున్న వెండి నాణెంలో కల్తీ పెరిగి నమ్మకం పోయింది. 212లో సిరక్యూజ్‌ను కొల్లగొట్టి తెచ్చిన సొత్తు, యుద్ధపు పన్నులు, ఖజానాకు అప్పగించిన సొంత వెండి కరిగి కొత్త నాణేలయ్యాయని అనుకోవడం సబబు. చిన్న నాణేలు ఆ తొలి ఊపులోనే అచ్చు పడ్డాయి, కొద్ది ఏళ్లలోనే ఆగిపోయాయి. కారణం టంకశాలలో వెతకాలి. ఒక గ్రాము బిళ్లను కాల్చి, పట్టుకారుతో అచ్చుల మధ్య పెట్టి, సుత్తితో కొట్టడానికి పట్టే శ్రమ నాలుగు గ్రాముల బిళ్లకు పట్టే శ్రమకు తక్కువేం కాదు. సెస్టెర్టియస్‌లలో జీతం ఇవ్వాలంటే అదే వెండికి నాలుగింతలు దెబ్బలు కొట్టాలి. చిల్లరకు కంచు ఆస్‌లు ఎలాగూ ఉన్నాయి.

నాణెంగా ఆగిపోయినా సెస్టెర్టియస్ లెక్కల్లో మాత్రం బతికింది. రోమన్లు ఆస్తి, అప్పు, జరిమానా అన్నీ సెస్టెర్టియస్‌లలోనే చెప్పుకునేవారు. అగస్టస్ కాలంలో సెనేటరుకు ఉండాల్సిన ఆస్తి పది లక్షల సెస్టెర్టియస్‌లు, అశ్విక వర్గీయుడికి నాలుగు లక్షలు. ఆ లెక్కల వెనకున్న అసలు వెండి బిళ్లను ఆ రాతలు రాసినవాళ్లలో చాలామంది జన్మలో చూసి ఉండరు.

ఇదే కాలంలో ఇంకో వెండి నాణెం సమాంతరంగా నడిచింది, విక్టోరియాటస్. బొమ్మ జూపిటర్ తల, బొరుసు జయస్తంభానికి కిరీటం పెడుతున్న విజయదేవత. బరువు డినారియస్‌లో ముప్పాతిక, వన్నె తక్కువ, మీద విలువ అంకె లేదు. దక్షిణ ఇటలీలో గ్రీకు తూకానికి అలవాటుపడిన ఊళ్లలోనూ, ఆ తరువాత ఉత్తరాన గాల్ వైపూ ఇది చెల్లింది. క్రీ.పూ. 170 ప్రాంతానికి అచ్చు ఆగింది గాని పాత నాణేలు చేతులు మారుతూనే ఉన్నాయి. అరిగి అరిగి అవి సగం డినారియస్ బరువుకు దిగాక, జనం వాటిని సగం డినారియస్ కిందే లెక్కగట్టారు. క్వినారియస్ మళ్లీ పుట్టడానికి దారి ఇక్కడే పడింది.

మధ్యలో ఒక మార్పు చెప్పుకోవాలి. క్రీ.పూ. 141 ప్రాంతంలో డినారియస్ విలువ పది ఆస్‌ల నుంచి పదహారుకు మారింది. కంచు ఆస్ బరువు తగ్గుతూ వచ్చింది కాబట్టి మారకాన్ని వాస్తవానికి దగ్గర చేశారు. అక్కడినుంచి క్వినారియస్ అంటే ఎనిమిది ఆస్‌లు, సెస్టెర్టియస్ అంటే నాలుగు. పేర్లలోని ఐదు, రెండున్నర మాత్రం అలాగే నిలిచిపోయాయి.

క్రీ.పూ. 101 ప్రాంతపు క్లోడియస్ చట్టం సగం డినారియస్‌ను తిరిగి తెచ్చింది. ఈసారి రోమా, కవల దేవతలు లేరు. పాత విక్టోరియాటస్ బొమ్మలే ఎక్కాయి. జనం కూడా దాన్ని విక్టోరియాటస్ అనే పిలిచారని ప్లినీ చెబుతాడు. క్రీ.పూ. 98 నాటి టైటస్ క్లోలియస్ నాణెం చూస్తే కథ అర్థమవుతుంది. బొరుసు మీద విజయదేవత జయస్తంభానికి కిరీటం పెడుతుంటుంది. స్తంభం కింద కూలబడిన బందీ ఒకడు, పక్కనే గాల్ జాతుల యుద్ధ కొమ్ము. అడుగున క్యూ అక్షరం, అంటే క్వినారియస్. అంతకు నాలుగేళ్ల ముందు, 102లో ఆక్వే సెక్స్‌టియే దగ్గర ఉత్తరపు తెగలైన ట్యూటన్లను, 101లో వెర్చెల్లే దగ్గర కింబ్రీలను రోమన్ సేనాని మారియస్ ఓడించాడు. ఈ క్వినారియస్‌లు ఎక్కువగా ఉత్తర ఇటలీ నిక్షేపాల్లో దొరుకుతాయి. మారియస్ తన సైనికులకు ఆ ప్రాంతంలో భూములిచ్చి స్థిరపరచడానికి వీటిని అచ్చు వేశారని నాణేల పండితుడు మైకేల్ క్రాఫర్డ్ ఊహించాడు. ఊహే అయినా నాణెం మీది బొమ్మ, దొరికిన చోటు, కాలం మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి.

ఆల్ప్స్ అవతల స్వతంత్ర గాల్ తెగలు సైతం క్రీ.పూ. ఒకటో శతాబ్దంలో ఇంచుమించు ఇదే తూకంలో సొంత వెండి నాణేలు వేసుకున్నాయి. సగం డినారియస్ అనేది రోము నగరంలో కూరగాయల బజారుకు పుట్టిన చిల్లర కాదనీ, ఉత్తర సరిహద్దు అలవాటుకూ సైనికుల జీతాలకూ ముడిపడిందనీ దీన్నిబట్టి చెప్పవచ్చు. క్వినారియస్‌లు సేకరించేవారికి ఈ మాట ఒక్కటి గుర్తుంటే చాలు, పళ్లెంలోని నాణేలు వాటంతట అవే వరసలో కూర్చుంటాయి.

క్రీ.పూ. 91 నుంచి 88 దాకా సాగిన ఇటలీ మిత్రరాజ్యాల తిరుగుబాటులో చిన్న వెండి మరోసారి జోరందుకుంది. పాపిరియస్ చట్టం ఆస్ బరువును పౌనులో ఇరవైనాలుగో వంతుకు తగ్గించింది. లూసియస్ పీసో ఫ్రూజీ క్రీ.పూ. 90లో డినారియస్, క్వినారియస్, సెస్టెర్టియస్ మూడూ వేశాడు. అతని సెస్టెర్టియస్ మీద ఆ చట్టం పేరును సూచించే మూడక్షరాలున్నాయి. 89 ప్రాంతంలో మార్కస్ కాటో అనే టంకశాల అధికారి వేసిన క్వినారియస్ ఇవాళ మార్కెట్లో ఎక్కువగా కనిపించేది.

దాన్ని దగ్గరగా చూడటం లాభదాయకం. బొమ్మ వైపు లైబర్ దేవుడి యువ శిరస్సు, జుట్టులో ఐవీ ఆకుల మాల. తల వెనక ఎం. కాటో అన్న పేరు. మెడ కింద ఒక చిన్న గుర్తు: చుక్కో, అక్షరమో, పనిముట్టో. అచ్చుల లెక్క కోసం టంకశాల వాళ్లు పెట్టుకున్న గుర్తులివి. బొరుసు మీద విజయదేవత ఆసనంపై కూర్చుని ఉంటుంది. ఒక చేతిలో తర్పణపు పళ్లెం, భుజాన ఖర్జూర మట్ట. కింద విక్ట్రిక్స్, అంటే విజేత్రి అన్న పదం. అచ్చు కన్నా బిళ్ల చిన్నది కావడంతో ఆ పదం అడుగు సగం చాలా నాణేల మీద అంచు దాటి పోతుంది. నలభై ఏళ్ల తరువాత, సీజరుతో పోరాడుతూ ఆఫ్రికాలోని యుటికాలో ఉన్న చిన్న కాటో అవే బొమ్మలతో మళ్లీ క్వినారియస్ వేయించాడు. పేరుకు ప్రొప్రీటర్ హోదా అక్షరాలు మాత్రం అదనం. పాతదాన్ని వేసింది తన వంశపువాడే కాబట్టి దాన్ని ఎత్తుకోవడంలో ఉద్దేశం తెలుస్తూనే ఉంది. క్రీ.పూ. 46లో థాప్సస్ యుద్ధం పోయాక కాటో ఆత్మహత్య చేసుకున్నాడు. హోదా అక్షరాలు అరిగిన నాణేన్ని పాతదని అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఉన్నారు. అక్షరాల తీరు, ముఖం చెక్కడంలోని మొరటుదనం చూసి విడదీయాలి.

ఆ అంతర్యుద్ధ కాలమే వెండి సెస్టెర్టియస్‌కు చివరి వెలుగు. క్రీ.పూ. 48 నుంచి 44 మధ్య సీజర్ టంకశాల అధికారులు కొన్ని చక్కని సెస్టెర్టియస్‌లు వేశారు. బిళ్ల గ్రాము లోపే ఉండటంతో దేవతలకు చోటు చాలక, చెక్కేవాళ్లు వస్తువులను ఎంచుకున్నారు. 45లో పాలికానస్ వేసినదాని మీద ఒక వైపు ఓటు పాత్ర, మరో వైపు ఓటు పలక. ఇంత చిన్న చోటులో ఎన్నికల ప్రస్తావన తేవడం సీజర్ నియంతగా ఉన్న ఏడాదిలో సాహసమో, లేక పాలికానస్ తండ్రి ట్రిబ్యూన్‌గా చేసిన పనికి గుర్తో, పాఠకుడే తేల్చుకోవాలి. ఈ వరస నాణేలు అరుదు. దొరికినా అరిగినవే ఎక్కువ, ధర డినారియస్‌కన్నా చాలా హెచ్చు.

క్రీ.పూ. 43, 42ల్లో మార్క్ ఆంటొనీ లుగ్దునంలో, అంటే నేటి లియోన్‌లో వేయించిన క్వినారియస్‌లు మరో రకం. బొమ్మ రెక్కలున్న విజయదేవత; ఆ ముఖంలో ఆంటొనీ భార్య ఫుల్వియా పోలికలున్నాయని కొందరంటారు. బొరుసు మీద నడుస్తున్న సింహం. సింహం పక్కన ఒక దానిపై నలభై, ఇంకో దానిపై నలభై ఒకటి అంకెలు. అవి ఆంటొనీ వయస్సని ఎక్కువమంది అంగీకరిస్తారు. దీన్నిబట్టి అతని పుట్టుక క్రీ.పూ. 83 అవుతుంది. పుట్టిన ఏడాదిని చక్కగా రాసిపెట్టిన గ్రంథం లేని చోట, వేలి గోరంత వెండి బిళ్ల ఆ పని చేసింది. ఆంటొనీ ఓడిపోయాక ఆక్టేవియన్ 29, 28ల్లో ఆసియా తిరిగి చేతికొచ్చిందని ప్రకటించే క్వినారియస్‌లు భారీగా వేయించాడు. పాములున్న పూజా పేటిక మీద నిలబడ్డ విజయదేవత వాటి గుర్తు. ఇవి ఇప్పటికీ సులువుగా దొరుకుతాయి, కొత్తవారు మొదలుపెట్టడానికి బాగుంటాయి.

అగస్టస్ సంస్కరణలతో సెస్టెర్టియస్ పెద్ద ఇత్తడి నాణెంగా మారి వెండిని వదిలేసింది. క్వినారియస్ మాత్రం అప్పుడప్పుడూ, చాలా తక్కువగా పడుతూ వచ్చింది. పండుగ కానుకలకూ పంపకాలకూ వేశారని ఒక అభిప్రాయం. ఇక వెండి వన్నె కథ అందరికీ తెలిసిందే. నీరో క్రీ.శ. 64లో పౌనుకు 96 డినారియస్‌లు తీయించి, వన్నె కూడా తగ్గించాడు. సెప్టిమియస్ సెవెరస్ నాటికి వెండి దాదాపు సగమే. 215లో కారకల్లా తెచ్చిన కిరణ కిరీటపు నాణెం మరో యాభై ఏళ్లలో వెండి పూత పూసిన రాగిగా మిగిలింది. డయొక్లీషియన్ 294లో మంచి వెండి అర్జెంటియస్‌ను తిరిగి పౌనుకు 96 లెక్కన వేయించాడు గాని అది ఎక్కువకాలం నిలవలేదు.

నాలుగో శతాబ్దం ద్వితీయార్ధంలో సిలిక్వా అని నేటివాళ్లు పిలిచే పలుచటి వెండి నాణెం వచ్చింది, బరువు ఇంచుమించు రెండు గ్రాములు. క్వినారియస్‌కు వారసుడు కాకపోయినా సేకర్త పళ్లెంలో దాని పక్కనే కూర్చుంటుంది. 1992లో ఇంగ్లండులోని హాక్సన్ గ్రామం దగ్గర, పొలంలో పోయిన సుత్తి కోసం వెతుకుతుంటే బయటపడ్డ నిధిలో 14 వేలకు పైగా సిలిక్వాలున్నాయి. దాదాపు అన్నిటికీ అంచులు కత్తిరించి ఉన్నాయి. కొత్త వెండి రావడం ఆగిపోయిన బ్రిటన్‌లో జనం అంచులు గీకి వెండి పోగుచేసుకున్నారు. చక్రవర్తి తలను మాత్రం ముట్టుకోలేదు. తల ఉన్నంతవరకే నాణెం చెల్లుతుంది మరి. కత్తిరించని సిలిక్వాకు ధర ఎక్కువ పలుకుతుంది గాని, ఆ కాలపు బ్రిటన్ గురించి కత్తిరించినదే ఎక్కువ చెబుతుంది.

పాత నాణేల మీద మక్కువ రోమన్లకే ఉండేది. సాటర్నేలియా పండుగకు అగస్టస్ ఇచ్చే కానుకల్లో పాతకాలపు రాజుల నాణేలు, విదేశీ నాణేలు ఉండేవని సూటోనియస్ రాశాడు. 1354లో కవి పెట్రార్క్ చక్రవర్తి నాలుగో చార్లెస్‌కు రోమన్ నాణేలు బహూకరించి, పాత చక్రవర్తులను ఆదర్శంగా తీసుకొమ్మన్నాడు. 1577లో ఫుల్వియో ఓర్సీనీ రిపబ్లిక్ నాణేలను కుటుంబాల పేర్లతో వర్గీకరించాడు. ఆ పద్ధతి మూడొందల ఏళ్లు నడిచి, 1885, 86ల్లో బాబెలోన్ వేసిన సంపుటాలతో శిఖరానికి చేరింది. చూడటానికి సులువు, చరిత్రకు మాత్రం పనికిరాదు, ఎందుకంటే ఒకే ఇంటిపేరున్న తాతా మనవల నాణేలు ఒకే పేజీలో కలగలిసిపోతాయి. వియన్నాలో ఎక్‌హెల్ 1792 నుంచి 1798 దాకా వెలువరించిన ఎనిమిది సంపుటాలు నాణేల అధ్యయనాన్ని శాస్త్రంగా మార్చాయి. 1974లో క్రాఫర్డ్ పుస్తకం నిక్షేపాల సాక్ష్యంతో నాణేలన్నిటినీ కాలక్రమంలో పేర్చింది. రిపబ్లిక్ క్వినారియస్ దేనికైనా ఇవాళ చీటీ రాస్తే దాని మీద క్రాఫర్డ్ సంఖ్య ఉండాల్సిందే.

చిన్న వెండి కొనేటప్పుడు పెద్ద నాణేల అలవాట్లు అక్కరకు రావు. మొదట చూడాల్సింది అచ్చు మధ్యలో పడిందా లేదా అన్నది. బిళ్ల చిన్నది, కొట్టేవాడి తొందర ఎక్కువ, అందుకని పేరూ బొమ్మా రెండూ పూర్తిగా పడ్డ క్వినారియస్ అరుదు. అరుగుదల కన్నా దీనికే ధర పెరుగుతుంది. రెండోది బరువు. వందో వంతు గ్రాము చూపే తక్కెడ లేకుండా ఈ రంగంలోకి దిగకూడదు. మరీ తేలికగా ఉంటే పూత నాణెం కావచ్చు: లోపల రాగి, పైన వెండి రేకు. ఇవి ఆనాటి దొంగ టంకశాలల పని. పూత పగిలిన చోట పచ్చటి చిలుము కనిపిస్తుంది. పురాతన షరాబులు అంచున చిన్న గాట్లు పెట్టి పరీక్షించింది కూడా వీటి కోసమే. జర్మన్ తెగలు అంచుకు పళ్లు కోసిన పాత డినారియస్‌లనే ఇష్టపడేవని టాసిటస్ రాసింది ఇదే నమ్మకం గురించి అయ్యుండాలి. ఆ పళ్లు పూతను ఆపలేకపోయాయన్నది వేరే సంగతి. పళ్లున్న పూత నాణేలూ దొరికాయి.

నేటి నకిలీల్లో పోత నకళ్లు సులువుగా పట్టుబడతాయి: అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, పైతలంపై సూది మొనంత గుంటలు, అక్షరాల అంచులు కరిగినట్టు ఉండటం. అచ్చుతో కొట్టినవే ప్రమాదకరం. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో జర్మనీలోని కార్ల్ విల్హెల్మ్ బెకర్ వందల అచ్చులు చేతితో చెక్కి అసలును మించిన నకిలీలు చేశాడు. కొత్తదనం పోవడానికి నాణేలను ఇనుప రజనుతో కలిపి పెట్టెలో పోసి, గుర్రబ్బండికి కట్టి తిప్పేవాడు. పెద్దమనుషులను షికారుకు తీసుకెళ్తున్నానని చెప్పుకునేవాడట. అతని అచ్చులు తరువాత బెర్లిన్ మ్యూజియానికి చేరాయి. ఇవాళ బెకర్ నకిలీలకే ప్రత్యేక సేకర్తలున్నారు. ఏ నకిలీకైనా బలహీనత ఒకటే: రెండు నాణేల మీద ఒకేలాంటి గాటు, ఒకేచోట గుంట ఉంటే అవి ఒకే తల్లి పిల్లలు. పాత వేలం కేటలాగులతో పోల్చి చూసే ఓపిక గీటురాయికన్నా ఎక్కువ పని చేస్తుంది.

శుభ్రం చేసే విషయంలో తెలుగు ఇళ్ల అలవాటు ఒకటి చెప్పక తప్పదు. పూజ సామాను తోమే చింతపండు, విభూతి, పళ్లపొడి ఈ నాణేల దరికి రాకూడదు. రెండు వేల ఏళ్లు మట్టిలో ఉన్న వెండి లోపల స్ఫటికంలా పెళుసెక్కుతుంది. సన్నటి క్వినారియస్ గచ్చు మీద పడితే అప్పడంలా రెండు ముక్కలవుతుంది. శుద్ధజలంలో నానబెట్టి మెత్తటి కుంచెతో మట్టి తీస్తే చాలు. నల్లబడటం మచ్చ కాదు, అది వెండికి రక్షణ. మెత్తటి ప్లాస్టిక్ సంచుల్లోంచి కారే రసాయనం పచ్చటి జిగురులా అంటుకుంటుంది కాబట్టి ఆమ్లం లేని కాగితపు కవర్లు మంచివి. కవరు మీద బరువు, క్రాఫర్డ్ సంఖ్య, కొన్న చోటు, తేదీ, తెలిసినంతవరకు పాత యజమానుల వివరం రాసి ఉంచాలి.

దక్షిణ భారతానికి రోమన్ వెండి దండిగా వచ్చింది, కాని చిల్లర రాలేదు. కోయంబత్తూరు ప్రాంతంలోనూ, నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలోనూ దొరికిన నిక్షేపాలు ప్రధానంగా అగస్టస్, టైబీరియస్ డినారియస్‌లు. అక్కన్‌పల్లిలో ఒక్కచోటే పదిహేను వందలకు పైగా దొరికాయి. వాటిని పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో ఆంధ్రప్రదేశ్ రోమన్ నాణేల పుస్తకంలో వివరించాడు. ఎక్కువగా కనిపించేవి రెండే రకాలు: అగస్టస్ మనవలు గేయస్, లూసియస్ డాళ్లతో నిలబడ్డది, టైబీరియస్ తల వెనకవైపు ఆసనంపై కూర్చున్న స్త్రీమూర్తి ఉన్నది. నీరో తగ్గించకముందరి వెండిని ఇక్కడి వర్తకులు ఏరి తీసుకున్నారని ఒక వాదం, మొదట వచ్చిందే అది అని ఇంకో వాదం. ఏదైనా వాళ్లు వెండిని తూకానికి తీసుకున్నారు, రోము మారకపు లెక్కలతో వాళ్లకు పని లేదు. అలాంటప్పుడు సగం, పావు నాణేలను ఓడలో వేసుకొచ్చే వర్తకుడికి లాభమేముంది? నాణేల మీద కొన్నిచోట్ల చక్రవర్తి ముఖం మీదుగా ఉలి గాట్లు, చిన్న చిన్న స్థానిక ముద్రలు కనబడటం కూడా ఇక్కడ తూకానికీ వన్నెకే పెద్దపీట అని చెబుతుంది. పెరిప్లస్ అనే ప్రాచీన ఓడ ప్రయాణాల గ్రంథం రాసినతను కృష్ణా డెల్టా వైపున్న మసాలియా సన్నబట్టలను ప్రస్తావించాడు. ఈ వెండిలో కొంత ఆ బట్టలకే వచ్చి ఉంటుంది.

శాతవాహనుల వెండి నాణేలు రాజు తలతో, ఇంచుమించు క్వినారియస్ బరువుతో ఉండటం చూసి రోముకు ముడిపెట్టాలనిపిస్తుంది. అది తొందరపాటు. ఆ తూకం ఇండో గ్రీకుల నుంచి పశ్చిమ క్షత్రపుల మీదుగా వచ్చింది. నాసిక్ దగ్గర 1906లో దొరికిన జోగల్‌తెంభి నిధిలో 13 వేలకు పైగా క్షత్రప రాజు నహపాణుడి నాణేలున్నాయి. వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర వేయించాడు. రోమన్ డినారియస్‌లను మాత్రం అలా చేసినట్టు లేదు. అవి నాణేలుగా కాక వెండిగానే మిగిలిపోయినట్టున్నాయి.

భారతదేశంలో వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం కింద పురావస్తువు. వ్యక్తులు దాన్ని విదేశాలకు పంపడానికి వీల్లేదు. భూమిలో దొరికిన నిధికి వర్తించేది ఇంకా 1878 చట్టమే: విలువ పది రూపాయలు మించితే జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. సొంతదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి మూడు వంతులు, ఆ స్థలం యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి ఇస్తుంది. ఇంగ్లండులో 1996 చట్టం ప్రకారం మార్కెట్ ధర కట్టి బహుమానం ఇస్తారు. హాక్సన్ రైతు పొలంలో నిధి చాలావరకు కదలకుండా ఉండి, పురావస్తు శాఖ వాళ్లే వచ్చి తవ్వుకోగలగడానికి, ఆ చట్టానికి ముందున్న నిబంధనల్లోనూ దొరికినవాడికి నష్టం లేకపోవడం ఒక కారణం అయ్యుండాలి. రెండు గ్రాముల వెండి బిళ్లకు లోహం ధర, దానిపై ఐదో వంతు అంటే దొరికినవాడికి దక్కేది ఏమంత కాదు. కంసాలి మూసకు చేరిన నిక్షేపాలు ఎన్నో చెప్పలేకపోవడానికి ఈ లెక్కే ఒక కారణం.